పదకొండు ఒకట్లు

1961 జూన్ 12
స్టాఫ్‌రూమ్‌లో మళ్లీ అదే... ఎవరికి ట్రాన్స్‌ఫర్, ఎవరి పిల్లకు సంబంధం. లెక్కల మాస్టర్లం నలుగురం, లెక్క గురించి ఒక్క మాట లేదు. కంపరం.
పదకొండు ఒకట్లు పక్కపక్కన — 11111111111. ప్రధాన సంఖ్యా, కాదా? దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని ఇరవై రెండుతో భాగించినప్పుడు ఒకటే మిగలాలి. కాబట్టి 23తో మొదలు. పోదు. 67... పోదు.

జూన్ 30
అక్క మిల్లు నుంచి వచ్చింది, జడ నిండా దూది. నా కాగితం లాక్కుంది. ఐదో క్లాసుతో చదువు ఆగిన మనిషి. "నాకూ కొన్ని ఇయ్యి రా తమ్ముడా. నూలు చుట్టి చుట్టి మండ మొద్దుబారి పోయినది, బుర్రకు పని కావాల."
నాకన్నా వేగం.

సెప్టెంబర్ 3
21649 — శేషం 16298. కొట్టేశాను.

నవంబర్ 5
ముప్పై వేలు దాటాను. లక్ష దాటే దాకా చూడాలి గానీ, ఇక చాలు. ప్రధాన సంఖ్యే.

నవంబర్ 8
నేను కొట్టేసినవన్నీ అక్క మళ్లీ చేస్తోందట. ఈ సాయంత్రం పలక తెచ్చి ముందు పెట్టింది.
"ఇక్కడ చూడు. 5174 రావాల. నువ్వు 5147 అని రాసినావు. మీతం ఏమీ లేదు రా, శేషం సున్నా!"
తిప్పి గుణించాను. 21649 × 513239. సరిగ్గా పదకొండు ఒకట్లు.
అక్క నవ్వుతోంది. నాకు ముందు వచ్చింది సంతోషం కాదు, కడుపుమంట. ఛీ.

నవంబర్ 14
టీచర్ల పత్రికకు వ్యాసం రాశాను. హెడ్మాస్టర్ చదివి, అక్క పేరున్న వాక్యం మీద వేలు పెట్టారు. "మిల్లులో నూలు చుట్టే ఆడమనిషి కనిపెట్టినది అంటే స్కూల్ మానం ఏమయ్యేది అప్పా? తీసేయి."
సరే సార్ అన్నాను. ఎవరైనా ఆ మాట అనాలనే కాచుకుని ఉన్నానేమో.

నవంబర్ 15
తీసేశాను. పోస్టులో వేశాను.
"నా పేరు రాసినావా?"
"రాసినా అక్కా."

1962 జనవరి 20
పత్రిక వచ్చింది. ప్రార్థనలో హెడ్మాస్టర్ చదివి వినిపించారు. చప్పట్లు. నేను లేచి, తల వంచి, దణ్ణం కూడా పెట్టాను.

జనవరి 22
అక్క — "పుస్తకం వచ్చినదా? మిల్లులో అందరికీ చెప్పినా."
ఇంకా లేదన్నాను. పుస్తకం నా సంచిలోనే.

జనవరి 24
మళ్లీ అడిగింది. మళ్లీ లేదన్నాను. ఈసారి నోరు తడబడలేదు. అదే ఎక్కువ రోతగా ఉంది.

జనవరి 27
స్టాఫ్‌రూమ్‌లోనే రాస్తున్నాను. ఇప్పుడే ప్యూన్ వచ్చాడు.
"సార్, మీ అక్క వచ్చినది. కూడ ఇద్దరు ఆడవాళ్లు. ఏదో పుస్తకమంట, మీ దగ్గర ఉండునని హెడ్మాస్టర్ చెప్పినారు."
కిటికీలోంచి కనిపిస్తోంది. పట్టుచీర కట్టుకుంది, ఈ ఎండలో. పక్కవాళ్లకు వేళ్లతో గాలిలో ఏదో రాసి చూపిస్తోంది...
వస్తున్నానని చెప్పి పంపాను. ఇంకా లేవలేదు.