వరుసలో నా చోటు

చెల్లీ వెహోంగా,

నేను చెబుతుంటే ఈ ఉత్తరం నా కోడలు మగ్దలీనా రాస్తోంది. ఎర్రజెండా పండుగకు మన పెద్దల సమాధుల దాకా నడిచే హెరెరో ఆడవాళ్ల వరుసలో నా చోటు ఆమెకిమ్మంటే, "దమరా తెగ పిల్ల, మేకల వెనక పరిగెత్తే నడక. మన బరువు గౌను ఎలా మోస్తుంది?" అన్నావట.

పోయినేడు నా ఎర్రగౌను కుచ్చిళ్లు పట్టుకుని, "ఏ దర్జీ కుట్టాడక్కా?" అని అడిగావు. ఆ దర్జీ ఈమే. ఆవుకొమ్ముల్లా నిలిచిన నా తలపాగా చుట్టిందీ ఈమే. ఈ ముక్క రాయనని మొండికేస్తోంది. "రాయవే, సిగ్గు తర్వాత పడుదువుగాని" అంటున్నాను.

నిన్న ఆ గౌను తొడుక్కుని మా దొడ్లో ఆవుల మధ్య నడిచింది. మన వరుసలో నడవాల్సినట్టే, చూలావు నీళ్లకు వెళ్లినంత నిదానంగా నడిచింది. ఒక్క ఆవూ బెదరలేదు. నా కళ్లు నిండాయి.

ఆ గౌను మాత్రం మనింట పుట్టిందా? జర్మనీ పాదిరుల భార్యలది. మన ముత్తవ్వలు కుట్టి, తొడుక్కుని, నడిచి మనది చేశారు. ఈమె చేసిందీ అదే.

నా మోకాళ్లు పనిచేయడం లేదు. అయినా ఆమెను వద్దంటే నేనే వస్తాను. వరుసలో పెద్దదాన్ని, నన్ను దాటి ఎవరూ నడవకూడదు. సమాధుల దగ్గరికి చేరేసరికి పొద్దుగూకుతుంది. ఆలోచించుకో.

నీ పెద్దక్క వేలిముద్ర