నాన్న ప్రభు బల్లకొచ్చిన ఆదివారం

అమ్మా,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్ళి ఏడాదైంది. నాన్న తాగుడు మానేశాడు. అందుకు లివరు పాడైపోవాల్సొచ్చింది. ఏలూరు ఆసుపత్రికి తిప్పలేక నేను అలిసిపోయాను.

నిన్న మన కొల్లేటి ఊరి చర్చిలో నాన్న ప్రభు బల్ల ముందు మోకరించాడు. పాస్టరుగారు రొట్టె ఇవ్వబోతే చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"నాకొద్దండి అయ్యగారూ. నా పెళ్ళాన్ని కొట్టిన చేతులండి ఇవి."

"యోగ్యులకే ఇవ్వాలంటే నాక్కూడా దక్కదండి. ప్రభువు కనికరంగలవాడు, తీసుకోండి," అన్నారు పాస్టరుగారు.

నాన్న ఏడుస్తూ తిన్నాడు. ద్రాక్షరసం గిన్నె అందుకునేసరికి చేతులు వణికిపోయాయి. అన్నేళ్ళూ నువ్వు ప్రార్థన చేసింది ఆ ఘడియ కోసమే కదా. నేనింకా నాన్నని క్షమించలేదమ్మా. అయినా లేచి వెళ్ళి, అది ఒలికిపోకుండా ఆ చేతులు పట్టుకున్నాను.