బోరునీళ్ల తప్పు కాదట అక్కా

అక్కా,

నువ్వున్నన్నాళ్లూ నీ వేళ్లు వంకరపోవడానికి నల్లగొండ బోరునీళ్లే కారణమని తిట్టుకున్నాం. ఇక్కడ ఎవరి కీళ్లు నొచ్చినా ఫ్లోరైడ్ అనడమే కదా! ఇప్పుడు నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు తాగుతున్నాం. అయినా నా మనవరాలు సుమకు పొద్దున లేస్తూనే వేళ్లు బిగుసుకుపోయి దువ్వెన పట్టరాలేదు. నీకు వేసినట్టే దానికీ నేనే జడ వేశాను.

దవాఖానలో డాక్టరమ్మ, "నీళ్ల తప్పు కాదవ్వా. రోగాలతోని కొట్లాడే కణాలే కీళ్ల లోపలి పొరను పరాయిదనుకొని కొడుతున్నయి" అంది.

"మా ఎర్రకుక్క గిట్లనే దొంగలను ఇడిసి మమ్ముల కరిసేది" అన్నాను.

"గోలీలతోని దాన్ని కట్టేస్తం. జరమొస్తె మాత్రం ఆగకుండ రాండ్రి, కట్టేసిన కుక్క దొంగను గూడ ఆపదు."

మా అక్కది కూడా ఇదేనా అని అడిగితే, చూడకుండా చెప్పలేనంది. నిన్నెక్కణ్నుంచి తెచ్చి చూపించను?

నెలలు గడిచాయి. ఇవాళ సుమ తన జడ తానే అల్లుకుంది. పాయలు సమంగా లేవని వంక పెట్టాను.

"నీకేం పని లేదా అవ్వా?" అని నవ్వింది.

నిజమే అక్కా. నా చేత జడ వేయించుకునేవాళ్లు ఇక ఈ ఇంట్లో లేరు.