మామయ్య తాగని కాఫీ

అకాబా రేవు, మంగళవారం

ప్రభువునందు ప్రియమైన మేనల్లుడు నసీమ్‌కు మామయ్య బఖూమ్ దీవెనలు.

నిన్న ఓడ దిగాను. మీ అమ్మ మూటగట్టిన ఎండు బెండకాయలు, నా బైబిలు, నేను, ముగ్గురం క్షేమం. తెల్లకారు ఒకటి అద్దెకు తీసుకున్నాను. రేపు కరక్ వెళ్ళి నీ కోసం రుబాను అడుగుతాను. వాళ్ళ నాన్న అబూ జిర్యిస్ రెండుసార్లు కాదన్నాడని ఏడుస్తూ రాశావు. కాదనడూ మరి! మీ తోట మేస్త్రీ ఒకసారి, ఫాదరుగారు ఒకసారి వెళ్ళి, కాఫీ తాగి, తియ్యగా నాలుగు ముక్కలు మాట్లాడి వచ్చేశారు. నేను రెండు గంటల ప్రసంగం సిద్ధం చేశాను. ఆదాము దగ్గర మొదలు. నోవహు ఓడ దగ్గరికొచ్చేసరికి ఆయన కళ్ళు తుడుచుకుంటాడు. కానా ఊరి పెళ్ళిదాకా రానిస్తే పిల్లనిచ్చేస్తాడు.

ఇక్కడి మనుషులు బంగారం. టోపీ పెట్టుకున్నాయన ఒకడు, ఈజిప్టువాళ్ళు కొండదారిలో బండి నడపడానికి ముద్రవేసిన కాగితం కావాలని చెప్పి, వెంటనే తానే అమ్మాడు.

నీ క్షేమం కోరే,
మామయ్య బఖూమ్

తా.క. బిలాము గాడిద కాలి నాడా దొరికింది! మాట్లాడిన గాడిదదేనని అమ్మినవాడు తల్లిమీద ఒట్టేశాడు.


సాఫీ, టమాటా తోట, బుధవారం పొద్దున

పూజ్యులైన మామయ్యగారికి నసీమ్ నమస్కారాలు.

ఆ గాడిదకి ఎన్ని కాళ్ళున్నాయో గాని, పోయిన నెల మా తోటలోనే ముగ్గురు దాని నాడాలు కొన్నారు. కొండదారికి ముద్ర కాగితమనేదే లేదు. మామయ్యా, మీది పసిమనసు. అందుకే చెబుతున్నా, ఎవరినీ నమ్మకండి. చక్రం ఊగుతోందని చెయ్యెత్తితే ఆగకండి. "మీ మేనల్లుడు నాకు తెలుసు" అన్నవాణ్ణి అసలే నమ్మకండి. నా పేరుతో ఉత్తరం తెచ్చినా అంతే. ఎవరిచ్చినా ఏమీ తాగకండి. మొన్న మా లారీ డ్రైవరు దారిలో చాయ్ తాగి పడుకుని లేచేసరికి లారీ లేదు. ముఖ్యంగా నోరు విప్పకండి. మీరు రెండు ముక్కలు మాట్లాడితే చాలు, ఈజిప్టు నుంచి వచ్చిన కొత్తమనిషని పట్టేస్తారు.

యజమాని కోతల రోజుల్లో నన్ను కదలనివ్వడు, లేకపోతే నేనే వచ్చేవాణ్ణి. మూడోసారీ కాదంటే ఇక ఆ గుమ్మం ఎక్కే ముఖం నాకుండదు. నా బతుకు మీ చేతిలో ఉంది.

మీ నసీమ్

తా.క. ప్రసంగంలో ఆదామును వదిలేయండి, పాపం.


కరక్, బస, బుధవారం సాయంత్రం

ప్రియమైన నసీమ్‌కు జయధ్వనులతో మామయ్య రాయునది.

నీ ఉత్తరం సరిగ్గా బయలుదేరే వేళకు టమాటా లారీ మీద అందింది. లేకుంటే ఈపాటికి నేను గోతిలో ఉన్న యోసేపునే! కోట కింద మలుపులో ఒక పాత బండి రోడ్డుకడ్డంగా ఉంది. ఎర్రగళ్ళ తలగుడ్డ, తెల్లమీసాల మనిషి రెండు చేతులూ ఊపాడు. అద్దం వేలెడంత దించాను.

"రండి రండి! బఖూమ్ గారు కదూ? మీ మేనల్లుడు నసీమ్ నాకు తెలుసు" అన్నాడు.

అక్షరం పొల్లుపోకుండా నువ్వు రాసిన మాటే!

"అయ్యో, మీ వెనక చక్రం ఊగుతోందండీ" అన్నాడు. రెండోది!

"నేనే అబూ జిర్యిస్‌ని. నడవండి ఇంటికి, కాఫీ తాగుదురుగాని" అన్నాడు. ఎంత ధైర్యంరా! గిబియోనీయులు బూజుపట్టిన రొట్టెలు చూపించి యెహోషువనే బోల్తా కొట్టించారు, నేనెంత? అద్దం ఎత్తేసి "సాతానా, అవతలికి పో" అన్నాను. వాడికి వినపడలేదు, దేవుడికి వినపడింది. కంచె పక్కనుంచి కారు దూకించి, ఈ బసకొచ్చి తలుపు గడియపెట్టుకున్నాను.

అసలు అబూ జిర్యిస్ ఇల్లెక్కడో వెంటనే రాయి.

నీ కావలివాడు,
మామయ్య

తా.క. చక్రం నిజంగానే ఊగుతోంది. వాళ్ళే ఊపి ఉంటారు.


సాఫీ, గురువారం తెల్లవారగానే

మామయ్యా! మామయ్యా!

ఆయనే అబూ జిర్యిస్! అసలు సిసలు, తెల్లమీసాల అబూ జిర్యిస్! చుట్టాన్ని ఊరి బయటికి ఎదురొచ్చి తీసుకెళ్ళడం అక్కడి మర్యాద. మీ పేరు, కారు రంగు ఆయనకు ముందే రాసిపంపింది నేనే. మీకు చెప్పకపోవడం నా తప్పు, నా తప్పు, నా తప్పు! ఇప్పుడే వెళ్ళి గడ్డం పట్టుకుని బతిమాలండి. టమాటాలకొచ్చిన రుబా వాళ్ళన్నయ్య జిర్యిస్ చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఆయన వెంట వెళ్ళండి.

మీ కాళ్ళు పట్టుకునే,
నసీమ్

తా.క. నేను ముందు చెప్పినవన్నీ మరిచిపోండి.


కరక్, గురువారం సాయంత్రం

నసీమ్‌నని చెప్పుకునేవాడికి,

నువ్వు నా మేనల్లుడివే అయితే దీవెనలు. కాకపోతే వాటిని వెనక్కి తీసుకుంటున్నాను.

పొద్దున ఒక లావుపాటివాడు నీ పేరుతో ఉత్తరం తెచ్చాడు. నా పేరుతో ఉత్తరం తెచ్చినా నమ్మొద్దని రాసిందెవరు? నసీమ్. ముందు చెప్పినవి మరిచిపొమ్మని రాసిందెవరు? అపవాది! ఏదెను తోటలో పాము హవ్వకు చెప్పింది అదే కదా! గడియ తీయలేదు.

మధ్యాహ్నం నాలుగు కార్లొచ్చాయి. బసవాడే బయటినుంచి గడియ ఊడదీశాడు. నా సంచి భుజాన వేసుకుని, నన్ను చెయ్యిపట్టి, ఎంతో మర్యాదగా ఎత్తుకుపోయారు. పెద్ద గది. చుట్టూ గోడవార ఇరవై జతల మీసాలు. తెల్లమీసాలవాడు కాఫీ పోసిచ్చాడు. సీసెరా యాయేలు గుడారంలో ఇచ్చింది తాగి పడుకున్నాడు, లేచాడా? కప్పు కింద పెట్టేశాను. నోటికి తాళం.

ఇరవైమంది కళ్ళూ ఆ కప్పు మీదే.

"తాగండి బఖూమ్ గారూ" అన్నాడు తెల్లమీసాలు. కదల్లేదు. ఆ కాఫీ పారబోసి కొత్తది పోశాడు. అదీ కింద పెట్టాను.

మూల కూర్చున్న ముసలాయన దగ్గాడు. "అబూ జిర్యిస్, నీ ఇంట్లో కప్పు చల్లారుతోందయ్యా."

"కనపడుతోందిలే బాబాయ్, గుడ్డివాణ్ణా?"

"మా తాత హయాంలో కూడా ఇంతసేపు పట్టుబట్టినవాడు లేడు. మనిషంటే వీడు!"

"నువ్వు కాసేపు ఊరుకోవా బాబాయ్!"

తెల్లమీసాలకు చెమటలు. మూడో కప్పు పోశాడు, నా వంకా దాని వంకా మార్చి మార్చి చూశాడు. చివరికి గట్టిగా నిట్టూర్చి, దాన్ని తనే సగం తాగి, "చక్కగా ఉంది. మీరొచ్చిన పని అయింది. ఇక తాగండి" అని చేతికిచ్చాడు. తాగినవాడు కళ్ళెదుట బతికే ఉన్నాడు గనక నేనూ ఒక గుక్క వేశాను. ఉప్పుకషాయం! మత్తుమందు రుచి అదేననుకుంటా. అంతే, లోపల ఆడవాళ్ళు ఒక్కసారిగా కిలకిలా గోలపెట్టారు. నేను పడిపోతానని కాబోలు సంబరం. పడలేదు! ప్రభువుకు స్తోత్రం! ఇరవైమందీ వరసగా బుగ్గలమీద ముద్దులు పెట్టి, చక్రం బిగించి, ఒక గొర్రెను వెనక సీట్లో ఎక్కించి పంపారు. ఇది ఏ రకం మోసమో నాకింకా అంతుచిక్కలేదు.

రేపు అసలు అబూ జిర్యిస్‌ను వెతుక్కుంటూ బయలుదేరతాను.

ఇంకా మెలకువగా ఉన్న,
బఖూమ్

తా.క. నువ్వు నసీమ్‌వే అయితే, ఆరేళ్ళప్పుడు బావిలో ఏం పారేశావో రాయి. గొర్రె సీటు తింటోంది.


సాఫీ, శుక్రవారం

మామయ్యగారికి నసీమ్ వందనాలు, వేలవేల వందనాలు.

మీ కళ్ళజోడు. అమ్మ కొట్టింది కూడా.

ఎక్కడికీ వెళ్ళకండి. ఎవరినీ వెతక్కండి. రుబాను మనకిచ్చేశారు!

ఇక్కడ పెద్ద కోరికతో వచ్చినవాడు కాఫీ ముట్టకుండా కింద పెడతాడట. అది తీరుస్తానని ఇంటాయన మాటిస్తేనే తాగుతాడట. తాగకుండా వెళ్ళిపోతే ఆ ఇంటికి తలవంపులు. మన మేస్త్రీకి ఈ సంగతి తెలీదు. ఫాదరుగారికి తెలుసుగాని, కాఫీ కనబడితే ఆగలేరు.

పొద్దున అబూ జిర్యిస్, రుబా తోటకొచ్చారు. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి అన్నారు: "మీవాళ్ళు నోట్లో తేనె పోసుకుని వస్తారోయ్. తియ్యటి మాట వినపడితే నాకు మోసమేనని భయం. పిల్లని సముద్రం దాటించాక ఆ తేనె ఉంటుందో ఊడుతుందో ఎవడు చూశాడు? మీ మామయ్య ఒక్క ముక్క మాట్లాడలా. నా ఇంట్లో కూర్చుని నన్నే దొంగని చూసినట్టు చూశాడు. అంత అనుమానం మనిషి ఇంట్లో నా పిల్లని ఎవడూ మోసం చెయ్యలేడు. పైగా లేఖనం తెలిసినవాడు! అబ్రాహాము సేవకుడు రిబ్కాను అడగడానికి వెళ్ళినప్పుడు, వచ్చిన పని చెప్పేదాకా ముద్ద ముట్టాడా?"

అవునండీ, మా మామయ్య అదే మనసులో పెట్టుకున్నారు అన్నాను. ప్రభువు నన్ను క్షమించుగాక.

మీ మేనల్లుడు,
నసీమ్

తా.క. కింది ముక్క రుబా తన చేత్తో రాసింది:

"మామయ్యగారూ, ఆ కాఫీ కాచింది నేనే. మొదటి ఇద్దరూ గటగటా తాగేశారని, ఈసారి నోట పెట్టగానే కింద పెట్టేలా కూజాలో గుప్పెడు ఉప్పు వేశాను. మీరు మొదట అసలు నోటే పెట్టలేదు. నాన్న మాత్రం సగం కప్పు తాగి, మొహం చిట్లించకుండా 'చక్కగా ఉంది' అన్నాడు. తలుపు వెనక నిలబడి విన్నాను. ఆయనకూ కాదనాలని లేదని నాకు అప్పుడే తెలిసింది."