ఇక లావు అక్షరాలు ముట్టను

1979 ఏప్రిల్ 2. ఉదయం 6

డైరీ మొదలు. కారణం: మా సారలమ్మ పెళ్లి. అమ్మాయి హనుమకొండ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. వరుడు శ్రీనివాస్, అక్కడే క్లర్కు. ముహూర్తం 26న, కాశిబుగ్గలో మా ఇంటి ముందు పందిట్లో. కూర్చుంటే సంతోషం, నిలబడితే సంతోషం. చాయ్‌లో ఉప్పు పడింది. తాగాను. బాగుంది.

ఈ రోజు ఒట్టు పెట్టుకున్నాను. పెళ్లికార్డు మొత్తం సన్న అక్షరాలే. ఒక్క లావు అక్షరం వేయించను.

మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు బట్టల బేళ్ల మీద మార్కా కొట్టినవాణ్ణి. రేకు అచ్చు పెట్టి నల్లరంగు కొడితే అక్షరాలు గోడల్లా నిలబడేవి. మెడ లేదు, నడుము లేదు. లోపలి సందు పెసరగింజంత. రైలు ఆ చివరి డబ్బాలో ఉన్నవాడు కూడా చదివేవాడు. సర్కస్ వాళ్లు, సబ్బుల వాళ్లు, ఎలక్షన్ల వాళ్లు అందుకే వాటిని వేస్తారు. సంతోషం కూడా అలాగే కనపడాలని నా అభిప్రాయం. సారలమ్మ పదో తరగతి పాసైనప్పుడు యాభై వాల్‌పోస్టర్లు వేయించాను. పిల్ల వారం రోజులు గడప దాటలేదు.

నిన్న రాత్రి అన్నం కాడ చెప్పేసింది. “బాపూ, సినిమా పోస్టర్ లెక్క కార్డు కొట్టిస్తే పందిరి లేదు, బాజా లేదు. రిజిస్ట్రార్ ఆఫీసుల దండలు మార్చుకుంటం.”

ఒక్కతే బిడ్డ. నాకు పందిరి కావాలి. అందుకే ఒట్టు.

ఏప్రిల్ 5. పగలు 11

ఖాజా పాషా ప్రెస్సు. మొదటి ప్రూఫు. చక్కెర మోసుకుపోయే చీమల బారులా ఉంది. ఎంతో మర్యాదగా ఉంది. చదవడానికి నా అద్దాలు, పాషా అద్దాలు రెండూ పెట్టుకోవలసి వచ్చింది. ఒట్టు గట్టిగా ఉంది.

ఏప్రిల్ 6

పెళ్లికూతురి పేరు ఒక్కటి లావుగా వేయమన్నాను. ఇది ఒట్టు తప్పడం కాదు. పెళ్లి ఎవరిదో తెలియాలి కదా.

సాయంత్రం 4: పెళ్లికొడుకు పేరు కూడా. లేకపోతే వియ్యాలవారు ఏమనుకుంటారు.

ఏప్రిల్ 8

మొండయ్య బావ వచ్చాడు. మా అక్క భర్త. ప్రూఫు వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

“బామ్మర్దీ, బిడ్డ పేరు దున్నపోతంత ఉన్నది. అల్లుని పేరు దున్నపోతంత ఉన్నది. నా పేరు మీద ఈగ వాలితే మొత్తం కనపడకుంట పోతది.”

“సన్నగ ఉంటెనే అందం బావా.”

“గట్లయితె నీ పేరెందుకు లావుగున్నది?”

(ఆ సంగతి 6వ తేదీన రాయడం మరిచాను.)

బావ పేరు లావు.

ఏప్రిల్ 9

భద్రమ్మ వంటింట్లోంచే అడిగింది. “మా సారయ్యన్న పేరు సన్నగుంటదట గద? పిల్లను బుట్టల ఎత్తుకొచ్చే మేనమామ ఆయన. ఇగ బుట్ట ఎవరు మోస్తరు? నువ్వా?”

నా నడుము నొప్పి తెలిసే అడిగింది. ముప్పై మూడేళ్ల కాపురం.

సారయ్య బావమరిది పేరు లావు.

ఏప్రిల్ 11

మొత్తం ఇరవై ఏడు పేర్లు. ఒకరిది లావు, ఒకరిది సన్నం అయితే చుట్టరికాలు నిలుస్తాయా? అన్నీ లావు.

పాషా చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. “కాకా, సీసం లావక్షరాలు ఒడిసినయ్. వాల్‌పోస్టర్లకు వేసే కట్టె అక్షరాలే మిగిలినయ్.”

“అవే వెయ్.”

“కార్డు మీద పట్టయ్ కాకా.”

“కార్డు పెంచు.”

“జర సోంచాయించు. బిడ్డ ఏమంటదో.”

బిడ్డ ఏమంటుందో నాకు తెలుసు. అయినా పెంచమన్నాను.

ఏప్రిల్ 14

కార్డులు వచ్చాయి. ఒక్కొక్కటి తువ్వాలంత. నాలుగు మడతలు. నేను మురిసిపోయాను.

సారలమ్మ నేల మీద పరిచి చాలాసేపు చూసింది.

“బాపూ, ఇందుల నా పేరు ఏడున్నది?”

నేను వెతికాను. భద్రమ్మ వెతికింది. అందరూ లావే అయ్యేసరికి ఎవరూ కనపడటం లేదు. మొండయ్య బావకూ సారయ్యకూ నడుమ దొరికింది. వేలు పెట్టి చూపించాను. సారలమ్మ కార్డును మడిచి సంచిలో పెట్టుకుని డ్యూటీకి పోయింది.

ఏప్రిల్ 15

పందిరి లేదు. గుంజలు వచ్చిన బండిలోనే వెనక్కి పోయాయి. రిజిస్ట్రార్ ఆఫీసులో నోటీసు నెల కిందనే ఇచ్చిందట.

“నీ సంగతి నాకు తెల్వదా బాపూ.”

ఏప్రిల్ 26. పగలు 12

పెళ్లి అయిపోయింది. పన్నెండు నిమిషాలు పట్టింది. రెండు దండలు.

గుమాస్తా రిజిస్టరులో మా సారలమ్మ పేరును సన్నగా రాశాడు. ఆ వరుసలో అదొక్కటే పేరు. అద్దాలు లేకుండానే కనపడింది.

సాక్షి సంతకం చేయమన్నారు. చేశాను. దాని మీదే ఇంకోసారి దిద్దాను. మళ్లీ దిద్దాను.

“పెద్దమనిషీ, సిరా అవుతలి పేజీల దిగింది,” అన్నాడు గుమాస్తా.

సారలమ్మ నవ్వింది. పన్నెండు రోజులకు.

ఏప్రిల్ 27. ఉదయం 6

మే 6 ఆదివారం చుట్టాలకు భోజనాలు పెడదామంది భద్రమ్మ. దానికి కార్డు కావాలి. సారలమ్మ ఒప్పుకుంది. అల్లుడి ముందే చెప్పింది. “ఒక్క మాట నీ ఇష్టం బాపూ. లావుగ వేయించుకో. ఒక్కటే.”

కొత్త ఒట్టు: ఒక్క మాట తప్ప అంతా సన్నమే.

ఏ మాట? రాత్రంతా అదే ఆలోచన. పేరు వద్దు, మళ్లీ పంచాయితీ. తేదీ వద్దు, అది ఎలాగూ పోతుంది. చివరికి దొరికింది. ‘రండి’. గోడ అంత లావుగా, చుట్టూ తెల్లటి చోటు వదిలి, ‘రండి’.

దాని పక్కన నిలువుగీత, కింద చుక్క పెడతారు కదా. అది మాట కింద లెక్కకు రాదనుకుంటాను. ప్రెస్సు తలుపు తీయగానే పాషాను అడగాలి.