పటంలో ఖాళీగా వదిలిన ఖతర్

దోహా, 9-6-1996

చిన్నబిడ్డ సుహాసినికి నాయిన లస్మన్న వేయి దీవెనలు.

నువ్వు పది ఫస్టు క్లాసులో పాసయ్యావని చదివి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి తల్లీ. మా కూలీల క్యాంపంతా ఖర్జూరాలు పంచాను. కానీ ఆ తర్వాతి మాట చదివి ఒళ్ళు మండింది. సోషల్ పరీక్షలో పటం మీద ఖతర్‌ను గుర్తించమంటే తెలియక వదిలేశావా? నాయిన ఉండే దుబాయ్‌ని అడిగితే పెట్టేదాన్ని అంటావా? ఎనిమిదేళ్ళుగా నేనుండేది ఖతర్‌లోనే. దుబాయ్‌ని నేను కంటితో చూడలేదు. ప్రతి కవరు మీదా ఖతర్ స్టాంపే ఉంటుంది, మీ అవ్వ దాన్ని పీకి వాడకట్టు పిల్లలకు పంచుతుంది.

మా డ్రైవర్ గజేందర్‌కు చెబితే ఒకటే నవ్వు. "కాకా, ఓడల దారి కోసం పోర్చుగీసోళ్ళు ఈ సముద్రానికొచ్చిన్రు, టర్కోళ్ళొచ్చిన్రు, ఇంగ్లీషోళ్ళొచ్చిన్రు. భూమిల నూనె పడ్డంక అమెరికా ఓడలొచ్చినయ్. లోకమంతా ఈ జాగ కోసం కొట్లాడుతుంటే, ఇది యాడున్నదో నీ ఇంటోళ్ళకే ఎరుకలేదాయె" అన్నాడు.

ఆడపిల్లకు పది చాలని మీ పెదనాయిన అన్నాడట. చాలనడానికి ఆయనెవరు? ఈ ఎండలో పైపులకు గోతులు తవ్వేది నీ చదువు కోసమే. గడువు దాటకముందే జగిత్యాల కాలేజీలో చేరు, నా మాటని చెప్పు. బర్రె ఈనిందా? అవ్వ మోకాళ్ళ నొప్పి ఎట్లుంది?

పటంలో ఖతర్ సముద్రంలోకి బొటనవేలిలా పొడుచుకొని ఉంటుంది. అవ్వ వేలు పట్టి దాని మీద పెట్టించు. నేను అక్కడున్నాను.

నాయిన