చింతిస్తున్నాం

మేడమ్ గారికి,

పొద్దున ప్యాకింగు పనికని ఇంటర్వ్యూకి వచ్చినదాన్ని. పాత ఉద్యోగం ఎందుకు మానేస్తున్నావని మీరు అడిగితే, మా అక్క నేర్పినట్టు "ఎదుగుదల కోసమండీ" అన్నాను. "ఎదగాలంటే ప్యాకింగులో ఏముందమ్మా, నీకున్న అనుభవానికి మా ఫోన్ల గదిలో వేస్తాం" అన్నారు మీరు. నా నోరే నా కొంప ముంచింది.

అసలు సంగతి ఇది. నేను ఫ్రిజ్‌ల కంపెనీలో ఫిర్యాదుల ఫోన్లు తీస్తాను. అవతలివాళ్లు ఏడ్చినా, తిట్టినా "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనాలి. గొంతు కాస్త మారినా పైవాళ్లు ఊరుకోరు. మొన్న వంటింట్లో కూర తరుగుతుంటే మా పాప కడుపు పట్టుకుని వచ్చి "అమ్మా, నొప్పి" అంది. తలెత్తకుండా, అదే గొంతుతో, అదే మాట అన్నాను. ఏమన్నానో నాకు తెలిసొచ్చేసరికి పాప అక్కడ లేదు.

అట్టపెట్టెలు మోయమన్నా మోస్తాను, మీ కాళ్లు పట్టుకుంటాను, ఫోను మాత్రం నా చేతికి ఇవ్వకండి. ఎందుకింత బతిమాలుతున్నానంటే, నిన్న సాయంత్రం పాప మోకాలు చీరుకుపోయి ఇంటికొచ్చింది. నన్ను పిలవకుండా, వాళ్ల నాన్న వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చుంది.

"లోపల అమ్మ ఉందిగా, చెప్పలేదేం?" అని ఆయన అడిగారు.

"అమ్మకి చెప్తే చింతిస్తుందంతే నాన్నా" అంది.